అమరుల స్తూపం ముందు మన స్థానం

(పోలీసు అమరవీరుల సంస్మరణ దినం సందర్భంగా జగిత్యాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం కరీంనగర్ నుండి వస్తూ కొండగట్టు దిగువన కొద్దిసేపు ఆగాను. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించారు. ఆ మలుపు దాటే ఎవరికైనా నేటికీ ఆ రోజు గుర్తుకు వస్తుంది. పోయినవారిని తలచుకోవడానికి మనిషికి ఒక చోటు కావాలి. సమాధి అయినా, స్తూపమైనా, రోడ్డు మలుపు అయినా ఆ చోటు దగ్గర మన అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో అటువంటి చోట్లు ఎక్కువ. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాది అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఈ గ్రామాలు రెండు తుపాకుల మధ్య బతికాయి. ఒకవైపు విప్లవకారులు తమ మృతుల కోసం ఎర్ర స్తూపాలు కట్టుకున్నారు. హుస్నాబాద్‌లో ఆకాశాన్ని అంటినట్టు నిలిచిన స్తూపం తర్వాత కూల్చివేతకు గురైంది. మరోవైపు పోలీసులు తమ మృతుల కోసం స్తూపాలు నిర్మించుకున్నారు. ఈ రెండింటి నడుమ ఏ స్తూపమూ దక్కని మృతులు ఎందరో ఉన్నారు. జగిత్యాలలో న్యాయవాదిగా ఉంటూ పౌరహక్కుల కోసం నిలబడిన గోపి రాజన్న 1985లో హత్యకు గురయ్యారు. ఆయన చేతిలో తుపాకీ లేదు, చట్టం పుస్తకం ఉంది. ఈ నేల మీద పోలీసు అమరుల గురించి మాట్లాడేవారు ఆయన పేరును మరచిపోరాదని నా అభిప్రాయం. ఎందుకో చివరికి చెబుతాను.

అక్టోబర్ 21 ఎందుకు పోలీసుల దినమైందో మన పిల్లలకు తెలియాలి. 1959లో ఇదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద సరిహద్దు గస్తీలో ఉన్న పదిమంది కేంద్ర రిజర్వు పోలీసులు చైనా సైనికుల కాల్పుల్లో మరణించారు. వారి స్మృతిలో నాటి నుండి దేశమంతటా ఈ దినాన్ని పాటిస్తున్నారు. కవాతు మైదానంలో తుపాకులు తలకిందులు చేసి ‘శోక్ శస్త్ర్’ పడతారు, ఆ ఏడాది మరణించినవారి పేర్లు చదువుతారు. 2018లో ఇదే తేదీన ఢిల్లీలోని చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించారు. ముప్ఫై అడుగుల నల్లరాతి స్తంభం వెనుక గోడ మీద అప్పటికి 34,844 పేర్లు చెక్కారు. ఆ గోడ మీద హిందువుల, ముస్లింల, సిక్కుల, క్రైస్తవుల పేర్లు కలిసే ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. 2015 ఏప్రిల్‌లో కోరుట్లలో బీడీలు చుట్టి ఇల్లు నడుపుకునే ఒక తల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఆమె పెద్ద కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. చిన్నవాడు డిగ్రీ పూర్తి చేసి కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. టీవీలో వారం రోజులుగా ఒకే వార్త. “భాయ్‌సాబ్, పోలీసోళ్లు సచ్చిపోయిండ్రంటే ఏడుపొచ్చింది. తెల్లారి బేడీలతోని ఉన్న పోరగాండ్లను కాల్చిండ్రంటే ఏడుపొచ్చింది. నేను ఎవరి కోసం ఏడ్వాలె? నా కొడుకును ఆ నౌకరీకి పంపాల్నా, వద్దా?” అని ఆమె అడిగింది. ఆ రోజు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ రోజు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆ వారంలో ఏం జరిగిందో క్రమంగా గుర్తుచేసుకుందాం. ఏప్రిల్ 1 అర్ధరాత్రి వేళ సూర్యాపేట బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేష్ మరణించారు. ఏప్రిల్ 4న జానకీపురం వద్ద ఆ ఇద్దరినీ పోలీసులు చుట్టుముట్టారు. ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు, కానిస్టేబుల్ నాగరాజు కూడా ప్రాణం కోల్పోయాడు. తీవ్రంగా గాయపడిన ఎస్సై సిద్ధయ్య ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశారు. కాల్పులు జరిపినవారు మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుండి పారిపోయిన విచారణ ఖైదీలని పోలీసులు తర్వాత ప్రకటించారు. ఈ నలుగురు పోలీసులు తమ విధి నిర్వహణలో మరణించారు. ఇందులో సందేహానికి గానీ సంకోచానికి గానీ తావు లేదు. అర్ధరాత్రి బస్సులో నిద్రపోతున్న ప్రయాణికుల మధ్య, ఎదుటివాడి సంచిలో ఏముందో తెలియకుండా తనిఖీకి వెళ్ళడం సామాన్యమైన ధైర్యం కాదు.

సిద్ధయ్య మరణించిన అదే ఏప్రిల్ 7న మరో సంఘటన జరిగింది. వరంగల్ జైలు నుండి హైదరాబాద్ న్యాయస్థానానికి తీసుకువెళుతున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు వాహనంలోనే కాల్పులకు బలయ్యారు. ఆయుధం లాక్కోవడానికి ప్రయత్నించారని పోలీసులు చెప్పారు. సీట్లలో ఒరిగిపోయిన మృతదేహాల చేతులకు బేడీలున్న చిత్రాలను దేశమంతా చూసింది. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది.

ఆ ఐదుగురు నిర్దోషులని నేను ఇక్కడ ప్రకటించడం లేదు. ఆ మాట చెప్పవలసింది న్యాయస్థానం. వారిలో ప్రధాన నిందితుడైన వికారుద్దీన్ మీద పోలీసులను చంపిన అభియోగాలు ఉన్నాయి. 2010 మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో విధుల్లో ఉన్న కానిస్టేబుల్ రమేష్ కాల్పుల్లో మరణించాడు. ఆ హత్య అభియోగం కూడా అందులో ఉంది. సాక్షులు వచ్చి చెప్పవలసింది, న్యాయవాదులు ప్రశ్నించవలసింది, న్యాయమూర్తి తీర్పు చదవవలసింది. ఆలేరు రోడ్డు మీద ఆ దారి మూసుకుపోయింది.

దీనివల్ల అన్యాయం జరిగింది ఎవరికి? ఆ ఐదుగురి తల్లిదండ్రులకు జరిగిందని మనం వెంటనే అంటాం. అది నిజం. కానీ కానిస్టేబుల్ రమేష్ కుటుంబానికి కూడా ఆ రోజు అన్యాయం జరిగింది. తమ ఇంటివాడిని ఎవరు చంపారో, ఎందుకు చంపారో, ఏ సాక్ష్యం నిలబడిందో, ఏది నిలబడలేదో ఒక న్యాయమూర్తి నోట వినే హక్కు వారికి ఉంది. ఆ హక్కును ఆ రోజు తూటాలతో తుడిచేశారు. చట్టం కోసం చనిపోయినవాడికి చట్టం ఇవ్వగలిగిన చివరి గౌరవం తీర్పు. అది దక్కకుండా రాతి స్తూపం ఎంత ఎత్తు కట్టినా ఆ గౌరవం సగంలోనే ఆగిపోతుంది.

సోదరులారా, ఈ వాదన ఒక్క మన సమాజానికే పరిమితం కాదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వద్ద దిశ కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. మన ఇళ్ళలోనూ ఆ రోజు చప్పట్లు వినిపించాయి. ఆలేరు గురించి కన్నీరు పెట్టిన నోళ్ళే చటాన్‌పల్లిని మెచ్చుకోవడం నేను విన్నాను. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తన నివేదికలో ఆ నిందితుల మీద చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. మనవాళ్ళు చనిపోయినప్పుడు మాత్రమే చట్టాన్ని తలచుకునేవారి మాటకు బలం ఉండదు. శత్రుత్వం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించరాదని మాయిదా సూరా మనకు ఆజ్ఞాపించింది. ఆ ఆజ్ఞ మనకు అనుకూలమైన రోజులకు మాత్రమే వర్తించేది కాదు.

ఇప్పుడు మన జిల్లాతో సంబంధమున్న ఒక స్మారకం గురించి చెబుతాను. హైదరాబాద్ ఎస్సార్ నగర్ కూడలిలో ఐపీఎస్ అధికారి ఉమేష్ చంద్ర విగ్రహం ఉంది. ఆయన ఒకప్పుడు మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు ఎస్పీగా పనిచేశారు. 1999 సెప్టెంబర్ 4న ఆ కూడలిలో ఆయన కారు ఆగినప్పుడు పీపుల్స్‌వార్ దళం కాల్పులు జరిపింది. చేతిలో ఆయుధం లేకపోయినా ఆయన దిగి దుండగుల వెంట పరుగెత్తారు. వారు వెనక్కి తిరిగి ఆయనను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్ళు. అంతకు ఆరేళ్ళ ముందు, 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో మరో సీనియర్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను కూడా నక్సలైట్లు కాల్చి చంపారు.

ఉమేష్ చంద్ర పనిచేసిన కాలపు కరీంనగర్ గురించి ఈ గదిలో పెద్దలకు వేర్వేరు జ్ఞాపకాలు ఉంటాయి. ధైర్యవంతుడైన అధికారి అని తలచుకునేవారు ఉన్నారు. ఎన్‌కౌంటర్ల కాలమని తలచుకునేవారు కూడా ఉన్నారు. ఏ జ్ఞాపకాన్నీ నేను ఎవరి నుండీ లాక్కోను. కానీ నిరాయుధుడైన మనిషిని నడిరోడ్డు మీద కాల్చి చంపడం హత్యే. దాన్ని ఏ సిద్ధాంతం పేరుతోనూ కడిగివేయలేము. విచారణ లేకుండా చంపడాన్ని ఆలేరులో తప్పు అన్నవాడు ఎస్సార్ నగర్‌లోనూ తప్పు అనాలి.

మరొక మాట. ఆ రోజు ఉమేష్ చంద్రతో పాటు ఆయన అంగరక్షకుడు, కారు డ్రైవర్ కూడా మరణించారు. ఆ కూడలి మీదుగా ప్రతిరోజూ వెళ్ళే జనంలో ఆ ఇద్దరి పేర్లు ఎంతమందికి తెలుసు? పెద్ద అధికారికి విగ్రహం, చిన్న ఉద్యోగికి జాబితాలో ఒక వరుస. హోంగార్డుకు ఆ వరుసైనా సమాన స్థాయిలో దక్కాలని మనం అడగాలి. హోంగార్డు రోజు భత్యం మీద పనిచేస్తాడు. సూర్యాపేటలో మహేష్ నిలబడిన చోటు, లింగయ్య నిలబడిన చోటు ఒకటే. తూటా వారిద్దరి హోదా అడగలేదు. స్తూపం కూడా అడగరాదు. మన బస్తీల్లో హోంగార్డులుగా, డ్రైవర్లుగా పనిచేస్తున్న పేద యువకులు ఉన్నారు కనుక ఇది మన ఇంటి సమస్య కూడా.

ఇక్కడ మన పెద్దలు కొందరు ఒక సంశయం వెలిబుచ్చుతారు. స్తూపం ముందు నిలబడటం, పూలు ఉంచడం మన ధర్మానికి సమ్మతమేనా అని అడుగుతారు. నేను ధర్మశాస్త్ర పండితుడిని కాను, ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. ప్రవక్త ముహమ్మద్ (స) ఒక యూదుని శవయాత్ర పోతుండగా లేచి నిలబడ్డారని, అది యూదునిది కదా అని సహచరులు అన్నప్పుడు, అది కూడా ఒక ప్రాణమే కదా అన్న అర్థంలో సమాధానమిచ్చారని హదీసుల్లో ఉంది. మృతుని పట్ల మౌనంగా నిలబడటం ఆరాధన కాదు. పూలు ఉంచడానికి మనసు ఒప్పనివారు ఉంచనక్కరలేదు. ఆ కుటుంబం దగ్గరకు వెళ్ళి చేయి పట్టుకొని నాలుగు మాటలు మాట్లాడితే చాలు. అయితే మరొక విషయం కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఆ స్తూపం దగ్గరకు మనం దేశభక్తి పరీక్ష రాయడానికి వెళ్ళడం లేదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని లెక్కపెట్టే చూపు అక్కడ ఉండరాదు. తోటి పౌరుని మరణానికి సంతాపం తెలుపడం మన హక్కు. ఆ హక్కును మనం ఎవరి అనుమతితోనూ పొందలేదు.

యూనిఫాంలో చనిపోయిన మనవారినీ మనం మరవరాదు. 2017 జూన్‌లో, రంజాన్ మాసపు షబె ఖద్ర్ రాత్రి, శ్రీనగర్ జామియా మసీదు వెలుపల విధుల్లో ఉన్న డీఎస్పీ మొహమ్మద్ అయూబ్ పండిత్‌ను ఒక మూక కొట్టి చంపింది. నమాజు కోసం వచ్చినవారి రక్షణకు నిలబడిన అధికారి ఆయన. 2015 జనవరి 7న పారిస్‌లో షార్లీ హెబ్డో పత్రిక మీద దాడి చేసినవారిని ఎదుర్కొంటూ అహ్మద్ మెరాబెత్ అనే ముస్లిం పోలీసు రోడ్డు మీద ప్రాణం విడిచాడు. ఏడాది తిరిగేసరికి ఆయన పడిపోయిన వీధిలోనే ఫ్రాన్స్ అధ్యక్షుడు స్మారక ఫలకాన్ని ఆవిష్కరించాడు. చంపినవారు తమది ఇస్లాం అన్నారు. చనిపోయినవాడు ముస్లిం. ఆ వీధి ఎవరి పేరును నిలుపుకుందో చూడండి.

మన దేశంలో మరొక పేరు మనం ప్రత్యేకంగా నేర్చుకోవాలి. 2018 డిసెంబర్ 3న ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో గోవధ పుకారు మీద మూక విరుచుకుపడినప్పుడు, దాన్ని ఆపడానికి వెళ్ళిన ఇన్‌స్పెక్టర్ సుబోధ్ కుమార్ సింగ్‌ను కాల్చి చంపారు. 2015లో దాద్రీలో మొహమ్మద్ అఖ్లాఖ్ హత్య జరిగినప్పుడు మొదట దర్యాప్తు చేసిన అధికారి ఆయనే. ఆ డిసెంబర్ రోజుల్లోనే బులంద్‌షహర్‌లో లక్షలాది మంది ముస్లింలతో ఇజ్తిమా జరిగింది. ఆ మూక రోడ్డు మీద ఆగకుండా ముందుకు సాగి ఉంటే ఏం జరిగేదో ఊహించవచ్చు. ఆ కేసులో నిందితుల మీద విచారణ ఏళ్ళ తరబడి సాగింది. 2025లో న్యాయస్థానం హత్యకు బాధ్యులైన ఐదుగురికి జీవిత ఖైదు విధించింది. ఆలస్యమైంది, కానీ తీర్పు వచ్చింది. నిందితులను ఏ రోడ్డు పక్కనా కాల్చలేదు. చనిపోయిన పోలీసుకు ఒక రాజ్యం చేయగలిగిన న్యాయం ఇదే. సుబోధ్ కుమార్‌కు దక్కిన ఈ న్యాయం కానిస్టేబుల్ రమేష్‌కు కూడా దక్కి ఉండవలసింది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. పోలీసు కాల్పుల్లో మరణం సంభవిస్తే ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ స్వతంత్రంగా దర్యాప్తు చేయాలి. మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. ఆ అధికారుల శౌర్యం సందేహానికి తావు లేకుండా రుజువయ్యేదాకా వారికి శౌర్య పతకాలు, అప్పటికప్పుడు పదోన్నతులు ఇవ్వరాదు. ఈ చివరి షరతును జాగ్రత్తగా గమనించండి. నిజమైన శౌర్యం విలువ తగ్గకుండా కాపాడేది ఇదే. బస్టాండులో ఎదురు నిలిచి ప్రాణమిచ్చినవాడి పతకం, బేడీల చేతుల మీద కాల్పులు జరిపినవాడి ఛాతీ మీద కూడా మెరిస్తే అవమానం ఎవరికి?

అందుచేత మనం మూడు పనులు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, ప్రతి అక్టోబర్ 21న మన జిల్లాలో విధుల్లో మరణించిన పోలీసుల, హోంగార్డుల కుటుంబాలను మన సంఘాలు కలవాలి. ఏ మతం అని చూడకుండా కలవాలి. పింఛను, కారుణ్య నియామకం, పిల్లల ఫీజుల దరఖాస్తులు ఎక్కడ ఆగిపోయాయో అడిగి, మన న్యాయవాదులు కాగితాలు రాసిపెట్టాలి. రెండవది, స్తూపం దగ్గర అమరుల పేర్లు చదివేటప్పుడు వారి హత్య కేసు ఏ స్థితిలో ఉందో కూడా ప్రజలకు చెప్పాలని అధికారులకు వినతిపత్రం ఇవ్వాలి. పోలీసు కాల్పుల్లో మరణాల మీద జరిగిన విచారణల నివేదికలను ప్రజల ముందుంచాలని అదే వినతిపత్రంలో అడగాలి. ఈ రెండు కోరికలూ ఒకే కాగితం మీద ఉండటం అవసరం.

మూడవది మన యువత విషయం. 2006లో సచార్ కమిటీ ఐపీఎస్‌లో ముస్లింల వాటా 4 శాతమని నమోదు చేసింది. మనకు పోలీసు స్టేషన్ అంటే పాస్‌పోర్టు వెరిఫికేషన్ కోసం వెళ్ళే చోటు, ఎక్కడో పేలుడు జరిగితే బస్తీలో కుర్రవాళ్ళను పిలిపించే చోటు. అదే భయంతో దూరంగా ఉంటే ఆ చోటు ఎన్నటికీ మారదు. బీసీ-ఇ కింద ఉన్న 4 శాతం రిజర్వేషన్‌ను మన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు, కానిస్టేబుల్, ఎస్సై నియామకాల్లో వినియోగించుకోవాలి. సెలవుల్లో మన మదర్సా ప్రాంగణాలు, షాదీఖానాలు పరీక్షల శిక్షణకు తెరుచుకోవాలి.

ఇప్పుడు కోరుట్ల తల్లికి నా సమాధానం చెబుతాను. అమ్మా, మీరు ఇద్దరి కోసమూ ఏడవవచ్చు. ఆ రెండు దుఃఖాలు ఒకదానికొకటి శత్రువులు కావు. మీ కొడుకును పంపండి. పంపేటప్పుడు ఒక మాట చెప్పి పంపండి. బస్సులో తనిఖీకి వెళ్ళవలసి వస్తే లింగయ్యలా, మహేష్‌లా వెనకడుగు వేయవద్దని చెప్పండి. బేడీలు వేసిన మనిషి తన అదుపులో ఉన్నప్పుడు, వాడు ఎంతటి నేరం చేసినవాడైనా సరే, న్యాయమూర్తి ముందుకు ప్రాణంతో చేర్చమని చెప్పండి. పైనుండి ఎటువంటి ఆదేశం వచ్చినా ఆ మాట తప్పవద్దని చెప్పండి.

గోపి రాజన్న పేరు ఎందుకు ఎత్తానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఈ పట్టణంలో చట్టం పుస్తకం పట్టుకొని నిలబడిన న్యాయవాది, అర్ధరాత్రి బస్టాండులో లాఠీ పట్టుకొని నిలబడిన హోంగార్డు ఒకే గోడకు రెండు వైపులా కాపలా ఉన్నారు. ఆ గోడ కూలితే ముందుగా నలిగేది బలహీనులే. మన సమాజానికి ఇది అనుభవం మీద తెలిసిన సంగతి. అందుకే ఆ స్తూపం ముందు మన స్థానం ఏ మూలనో కాదు, ఇతర పౌరులందరి పక్కనే.

విధి నిర్వహణలో ప్రాణాలిచ్చినవారి కుటుంబాలకు అల్లాహ్ ఓర్పును, మనకు న్యాయం మీద నిలబడే శక్తిని ప్రసాదించుగాక.